ఉగ్రస్తంభం ఫోటోలో లేని మనిషి



అహోబిలం వెళ్ళొచ్చిన కుర్రాళ్ళ ఫోన్లలో ఒక ఫోటో తప్పకుండా ఉంటుంది. ఉగ్రస్తంభం దగ్గర, చేతిలో కర్ర, వెనక నల్లమల. ఫ్రెండ్స్ అందరూ ఉంటారు. ఒక్క మనిషి ఉండడు. ఎందుకంటే ఆ ఫోటో తీసింది ఆయనే, దారి చూపించి పైకి తీసుకొచ్చిన గైడ్. ఈరోజు మన ధర్మసందేహం ఆయన గురించే. దేవుడి దాకా నడిపించిన మనిషికి మనం ఏం బాకీ ఉంటాం? మాట్లాడుకున్న డబ్బులు చేతిలో పెట్టేస్తే లెక్క సరిపోయినట్టేనా?

మాది బందరు పక్కన గూడూరు (నెల్లూరు వైపు గూడూరు కాదండోయ్). మా వైపు నేలంతా చదును. మాకు ఎత్తంటే కాలవ గట్టే, కొండ చూడాలంటే బెజవాడ ఇంద్రకీలాద్రి దాకా వెళ్ళాలి. అందుకే కొండ ముందు మా డెల్టావాళ్ళం చిన్నపిల్లలతో సమానం. అదే హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగాలనుకోండి. ఎక్కడ లోతు, ఎప్పుడు పోటు అనేది అక్కడి జాలరి చెప్పాలి. ఎంత పెద్ద ఉద్యోగం చేస్తున్నా ఆయన మాట వినాల్సిందే. చదువు వేరు, చోటు తెలియడం వేరు.

ఎగువ అహోబిలం గుడి దాటాక భవనాశిని వాగు వెంట నడిచి జ్వాలా నరసింహస్వామి దాకా జనంతో పాటు వెళ్ళిపోవచ్చు. ఆ పైన, స్వామి చీల్చుకుని వచ్చాడని స్థలపురాణం చెప్పే ఉగ్రస్తంభం దారి అలా కాదు. బండరాళ్ళు, చెట్ల వేర్లు, నిట్టనిలువు ఎక్కుడు. ఏ రాయి కదులుతుందో, ఏ వేరు బరువు ఆపుతుందో రోజూ ఎక్కేవాడికే తెలుసు. అహోబిలం 108 దివ్యదేశాల్లో ఒకటి. తిరుమంగై ఆళ్వారు పది పాశురాల్లో ఈ కొండను కీర్తిస్తూ, ఇక్కడికి చేరుకోవడం ఎంత కష్టమో కూడా చెప్పారు.

ఇప్పుడు అసలు చిక్కు. మబ్బు పట్టింది. "ఇక పైకి వద్దు, దిగిపోదాం" అన్నాడు గైడ్. మనలో ఒకడు "స్వామి ఉన్నాడు, ఆయనే చూసుకుంటాడు, పదండి" అన్నాడు. ఇద్దరిలో భక్తుడు ఎవరు?

రెండోవాడి మాట భక్తిలాగే వినిపిస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. స్వామి చూసుకుంటాడు, సరే. ఎలా చూసుకుంటాడు? ఆ కొండ తెలిసిన మనిషిని నీ పక్కన నిలబెట్టి, "దిగిపోదాం" అనిపించి చూసుకుంటున్నాడేమో! ఆ మాటని తోసేసి పైకెక్కడం విశ్వాసం కాదు, మన పంతానికి దేవుడి పేరు పెట్టుకోవడం.

రామాయణం చూడండి. సాక్షాత్తూ నారాయణుడే మనిషై అడవికి వచ్చాడు. గంగ దాటడానికి గుహుడి పడవ కావలసి వచ్చింది. చిత్రకూటానికి దారి భరద్వాజ మహర్షి చెప్పాడు. దారి అడిగినందుకు రాముడు చిన్నవాడైపోలేదు కదా!

అహోబిలంలో ఇంకో విశేషం ఉంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి నల్లమల చెంచులకి ఆయన అల్లుడు. 1958లో వచ్చిన 'చెంచులక్ష్మి' సినిమా మన తాతలకి బాగా గుర్తు. అందులో స్వామి వేషం వేసింది మా గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారే. ఆ సినిమాలో చెంచుపిల్ల స్వామికే చెట్లూ పుట్టలూ ఎక్కే పరీక్ష పెడుతుంది. అడవిలో దేవుడు కూడా విద్యార్థే అన్నమాట. ఇప్పటికీ కనుమ నుంచి సుమారు 40 రోజులు పార్వేట ఉత్సవం జరుగుతుంది. స్వామి పల్లకీలో ఊరూరా తిరిగి తన పెళ్ళికి జనాన్ని స్వయంగా పిలుస్తాడు. అంటే స్వామే వాళ్ళ గుమ్మంలోకి వెళ్తాడు. మరి మనం వాళ్ళ కొండ ఎక్కుతూ, యాభై ఏళ్ళ మనిషిని "ఏయ్ గైడ్, నువ్వు ముందు నడువు" అంటామా? గైడ్లందరూ చెంచులే అని కాదు, ఊరివాళ్ళూ ఉంటారు. ఎవరైనా ఆ కొండకి వాళ్ళు ఇంటివాళ్ళు, మనం చుట్టాలం.

"అదంతా సరేగానీ, ఆయన డబ్బు కోసమే కదా చేస్తున్నాడు?" అని అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డాక్టరుగారు ఫీజు తీసుకుంటారు, పురోహితుడు దక్షిణ తీసుకుంటారు. అంతమాత్రాన వాళ్ళ మీద గౌరవం తగ్గించుకుంటున్నామా? "కొందరు ఎక్కువ అడుగుతారు" అనీ అంటారు. అలాంటప్పుడు కిందే రేటు మాట్లాడుకోవాలి. పైకెళ్ళాక గీచి గీచి బేరమాడటం మాత్రం మర్యాద కాదు. డబ్బు విషయంలో ఖచ్చితంగా ఉండటం, మనిషిని గౌరవించడం రెండూ ఒకేసారి కుదురుతాయి.

అలాగని ఆయన్ని వెంటనే గురువుని చేసేసి, కాళ్ళకి దణ్ణం పెట్టి, రీల్ తీసి పెట్టమనీ నేను చెప్పను. అది కూడా ఆయన్ని మనిషిగా చూడకపోవడమే. ఆయనకీ ఇల్లుంటుంది, పిల్లల చదువులుంటాయి, మోకాళ్ళ నొప్పులుంటాయి.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. ఈజిప్టులో సినాయి కొండ ఉంది, ఎత్తు 2,285 మీటర్లు. మోషే ప్రవక్తకి దేవుడు ఆజ్ఞలిచ్చిన కొండ అదేనని చాలామంది నమ్మకం. ఆ ఎడారి కొండ ఎక్కే యాత్రికులకి దారి చూపేది అక్కడి జెబెలియా తెగ బెదూయిన్లు. ఎక్కేవాళ్ళ మతం ఏదైనా, చీకట్లో ముందు నడిచేది ఆ కొండ మనిషే. సినాయి అయినా నల్లమల అయినా, స్థానికుడి పాదం వెనకే యాత్రికుడి పాదం.

మరి బాకీ సంగతి? దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం మనకి తెలుసు. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్తుంది, మనుష్య ఋణం. సాటి మనిషికి ఆశ్రయం ఇచ్చి, అన్నం పెడితే తీరే ఋణం అది. గైడ్‌కి ఇచ్చిన డబ్బు ఆయన కష్టానికి కూలి. దానితో కూలి బాకీ తీరింది. కానీ మన ప్రాణాన్ని తన చేతుల్లో పెట్టుకుని నడిపించాడే, ఆ నమ్మకానికి రేటు లేదు. అది కొంత ఆయనకే తీర్చాలి. పేరు అడగండి, మీరు అనండి, పులిహోర పొట్లం విప్పితే ముందు ఆయనకి పెట్టండి, దిగిపోదాం అంటే దిగిపోండి. ఫోటోలోకి కూడా రమ్మని అడగండి. వద్దంటే వదిలేయండి.

మిగిలింది మాత్రం ఆయనకి తీర్చలేం. ఇంకొకరికి తీర్చాలి. మనకి బాగా తెలిసిన చోటు ఒకటి ఉంటుంది. అమీర్‌పేట మెట్రో స్టేషనో, పెద్దాసుపత్రి ఓపీ కౌంటరో, కాలేజీ ఆఫీసో. అక్కడ ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతిలో కాగితం పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక నిలబడి ఉంటాడు. ఆయనకి అది ఉగ్రస్తంభం కంటే కష్టమైన ఎక్కుడు. ఇయర్‌ఫోన్స్ తీసి, "ఎక్కడికి వెళ్ళాలి బాబాయ్?" అని అడిగి, చేతితో చూపించి వదిలేయకుండా నాలుగడుగులు కలిసి నడవండి. అహోబిల యాత్రలో అది కూడా ఒక భాగమే.

ఓం నమో నారసింహాయ.