వేగం ఎవరిది?

వేగాన్ని ద్వేషించటం అభ్యుదయం కాదు. యంత్రాన్ని నిర్మించింది శ్రామికుడే గనుక ఆ విజయమూ అతనిదే. మద్రాసు పెరంబూరులోని కోచ్ ఫ్యాక్టరీ 2018లో తయారుచేసిన రైలుకు విడిగా ఇంజను లేదు. మోటార్లను సగం పెట్టెల అడుగున అమర్చారు. అందువల్ల బండి త్వరగా వేగం అందుకుంటుంది, త్వరగా ఆగుతుంది. పరీక్షల్లో గంటకు 180 కిలోమీటర్లు పరుగెత్తింది. 2019లో దానికి వందే భారత్ అన్న పేరు వచ్చింది.

ఐతే 2023 సెప్టెంబరు 24న కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌కు ఈ బండిని ప్రారంభించినప్పుడు, మహబూబ్‌నగర్ దాటితే మళ్ళీ కర్నూలులోనే ఆగేట్టు నిర్ణయించారు. దారిలోని వనపర్తి రోడ్డుకూ, గద్వాలకూ దక్కింది దుమ్మే. నాగర్‌కర్నూలుకు అసలు పట్టాలే లేవు. బండిలో జనరల్ పెట్టె లేదు. దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీ ఎక్కడ కూర్చోవాలి?

“వూరూరా ఆగితే వేగమెక్కడిది?” అంటారు. కొంత నిజమే. కాని త్వరగా ఆగి త్వరగా అందుకోవటమే గదా ఈ నిర్మాణంలోని గొప్ప! ఎవరి గంట ఆదా చెయ్యాలో మోటారు నిర్ణయించదు, మనుషులు నిర్ణయిస్తారు. లాగే శక్తిని పెట్టెలకు పంచగలిగిన మేధస్సు, మిగిల్చిన కాలాన్ని మనుషులకు పంచలేదా? ఈ ప్రశ్న వేసుకోకుండా వేగాన్ని ప్రగతి అనలేం.