రేవులో గీత

గోదావరి మధ్య ఒక లంక. దానికి ఒకే రేవు, ఒకే పడవ. ఒక ఏడాది ఎర్రనీటి రోజుల్లో పడవ మునిగి కొందరు పోయారు. మళ్లీ అలాంటిది జరగకూడదని పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని కట్టుబాటు చేశారు. వరద రోజుల్లో ఏరు దాటాలంటే మునసబు, కరణం, పూజారి ముగ్గురూ సరేననాలి. రేవు రాతి మీద సున్నంతో గీసిన గీతను నీరు తాకిందంటే ఇక పడవ కదలకూడదు. ఆ కట్టుబాటు చేసినవాళ్లలో వరదలో పడవెక్కాల్సిన అవసరం ఏ ఒక్కరికీ లేదు. అంత పనే పడితే పాలేరు వెళ్లేవాడు.

ఒక శ్రావణంలో తెల్లారగట్లే ఒకామె మునసబు అరుగు ముందు నిలబడింది. అవతలి ఒడ్డుకు వెళ్లాలి. అప్పటికి నీరు గీతకు రెండు జానల కింద ఉంది.

"ఎందుకమ్మా?" అన్నాడు మునసబు. చెప్పింది. "మీ ఆయన్ని రమ్మను, మాట్లాడదాం." ఆయన ఊళ్లో లేడంది. "అయితే మీ నాన్నని తీసుకురా." నాన్న వచ్చేసరికి మునసబు భోజనానికి లేచాడు. కరణం దస్త్రం విప్పి, ఇలాంటిదానికి ఇదివరకెప్పుడైనా ఒప్పుకున్నామా అని పాత కాగితాలు తిరగేశాడు. పూజారి మంచివాడే. వెళ్లనివ్వడం దోషమవుతుందేమోనని ఆలోచించి ఆలోచించి, పొద్దు వాలాక "పోనీలే, వెళ్లనీ" అన్నాడు. ముగ్గురి మాటా పట్టుకుని ఆమె రేవుకు పరుగెత్తింది. గీత అప్పటికే నీళ్లలో ఉంది.

"ఇక మా చేతుల్లో లేదమ్మా," అన్నారు పెద్దలు. వాళ్ల గొంతులో జాలి నిజమైనదే.

సరంగు గెడ పక్కన పడేశాడు. "పొద్దున్నే నన్నడిగుంటే, చుట్ట ఆరేలోపు దింపి వచ్చేవాణ్ణి బాబూ."

గట్టు మీద గేదెను కట్టేస్తున్న ముసలామె తలెత్తింది. "నీళ్లకు గీత గీశారు, బాగానే ఉంది. మీ మాటలకు ఏ గీతా గీయలేదేం అయ్యగారూ?"

ఎవరూ బదులు పలకలేదు గానీ, తర్వాతి రచ్చబండకు సరంగునూ ముసలామెనూ పిలిచారు. నీరెలా ఉందో సరంగు చెప్పాలి. పడవకు చిల్లు లేకుండా చూడటం, ఎవర్నీ బలవంతాన ఎక్కించకుండా కాపు కాయడం పెద్దల వంతు. వెళ్లాలా వద్దా అన్నది ఎక్కేవాళ్ల ఇష్టం.

నీతి: గర్భస్రావ చట్టంలో మోసే మనిషి మాట ముందు చెల్లాలి. మిగతావాళ్ల మాటకు హద్దూ ఉండాలి, గడువూ ఉండాలి.

మన చట్టమూ మంచి ఉద్దేశంతో పుట్టిందే. నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే, 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు, 1971లో చట్టం తెచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలని అందులోనే ఉంది. అయితే ఆమె అడిగినంత మాత్రాన సరిపోదు, డాక్టరు అభిప్రాయం కావాలి: 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒకరిది, కొన్ని వర్గాల వారికి 24 దాకా ఇద్దరిది. భర్త సంతకం ఊసు చట్టంలో ఎక్కడా లేదు. ఆసుపత్రి కౌంటరు దగ్గర మాత్రం ఉంటుంది.

2017లో పట్నాలో జరిగింది చూడండి. అత్యాచారానికి గురైన ఒక నిరాశ్రయురాలు 17 వారాలప్పుడు ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చింది. తండ్రిని పిలిపించారు, పని మాత్రం చేయలేదు. హైకోర్టు కాదంది. సుప్రీంకోర్టుకు చేరేసరికి 26 వారాలు. ఇప్పుడు తీస్తే ఆమె ప్రాణానికే ముప్పని ఎయిమ్స్ వైద్యులు చెప్పారు. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆమె సమ్మతి ఉండగా తండ్రి సంతకంతో పనిలేదని, జాప్యం చేయడం తప్పేనని చెప్పి, బీహార్ ప్రభుత్వం 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది.

కడుపులో బిడ్డ తరఫున ఎవరు మాట్లాడతారని అడిగేవాళ్లున్నారు. కొట్టిపారేసే ప్రశ్న కాదది. 2023 అక్టోబరులో 26 వారాల గర్భం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరు రెండు దారులయ్యారు, చివరికి పెద్ద ధర్మాసనం అనుమతి నిరాకరించింది. కానీ ఆ ప్రశ్న బరువు వారం వారానికీ పెరిగేదే. బిడ్డ గురించి నిజంగా బెంగపడేవాళ్లే ముందుగా జాప్యాన్ని కాదనాలి. ఇక ఆడపిల్లని తెలియగానే కోడల్ని ఆసుపత్రికి ఈడ్చుకెళ్లే ఇళ్లున్నాయి. అక్కడ చట్టం గట్టిగానే కలగజేసుకోవాలి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం అందుకోసమే.

24 వారాలు దాటాక పిండంలో తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు మూడు రోజుల్లో తేల్చి చెప్పాలని 2021 నిబంధనలు అంటున్నాయి. ఆ గడువు బోర్డుకే పరిమితం కావడం దేనికి? మొదటిసారి అడిగిన రోజే అవుననో కాదనో ఆసుపత్రి కాగితం మీద రాసివ్వాలి. కాదంటే మర్నాడు ఎక్కడికి వెళ్లాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.