అమానత్

పదో తరగతి ఫలితాలొచ్చిన వారం మా ఇళ్లల్లో మాటలన్నీ లెక్కలే. ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా? హాస్టల్లో వెయ్యాలా, రోజూ బస్సులో పంపాలా? ఎంసెట్ కోచింగ్ కలిపి ఎంత, విడిగా ఎంత? జూన్‌లో మొదటి కంతు కట్టాలంటే చిట్టీ ఎప్పుడెత్తాలి? (పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా మా నోళ్లల్లో అది ఎంసెట్టే. 1986 నుంచీ నానిన మాట, అంత తొందరగా పోదు.) ఈ మాటలు తెలుగునాట ఏ ఇంట్లోనైనా వినపడేవే. కానీ మా ఇళ్లల్లో వీటి అడుగున ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు. మాకు రాని చదువుకి మేం తోడుండటమంటే ఏమిటి? ఆ తోడుకి బదులుగా పదిహేనేళ్ల పిల్ల దగ్గర్నుంచి ఏం కోరే హక్కు మాకుంది?

మాకు రాని చదువు అంటున్నాం. ఈ మాటకి కాస్త ఆగాలి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు అక్కడ చదువు ఉర్దూలో సాగింది. దారుల్ తర్జుమా అని ఒక సంస్థ పెట్టి సైన్సు పుస్తకాల్నీ, వైద్యాన్నీ, ఇంజనీరింగునీ ఉర్దూలోకి తెచ్చారు. 1948 తర్వాత ఆ మాధ్యమం పోయింది. మా పెద్దలు కొందరు ఇప్పటికీ దాన్ని తల్చుకుని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు అబద్ధమని మేం అనం. కాకపోతే దూది ఏకినవాళ్లకీ, మాంసం కొట్టినవాళ్లకీ, గాజులు అమ్మినవాళ్లకీ ఆ చదువు అప్పుడు మాత్రం ఎంత అందింది? పోయిన నవాబీ మా బాధ కాదు. మేం నవాబులం ఎప్పుడూ కాదు. మాలో చాలామందికి కాలేజీ అనేది మొదటిసారి ఇప్పుడే, ఈ పిల్లలతోనే ఇంటి గడప తొక్కుతోంది.

'వాళ్లు పిల్లల్ని మదర్సాలకే పంపిస్తారు కదా' అనే సెక్యులర్ మిత్రులు ఇప్పటికీ ఉన్నారు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకి పోతున్నది 3 శాతమే. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 25 శాతం బడికి అసలు పోనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని కూడా అదే రిపోర్టు చెప్పింది. మొదటి అంకె గురించి ఎంతో చర్చ జరిగింది. రెండో అంకె మా మెకానిక్ షెడ్లలో, వెల్డింగ్ దుకాణాల్లో, బేకరీల వెనకున్న భట్టీల దగ్గర చేతికి మసి పూసుకుని నిలబడి ఉంది. దాని గురించి చర్చ తక్కువ.

అట్లాంటి చోటు నుంచి ఒక పిల్లో, పిల్లాడో పది దాటి ఇంటర్ మెట్టెక్కితే ఇల్లంతా ఆ మెట్టు దగ్గరే నిలబడిపోతుంది. అబ్బాకి ఫిజిక్సు రాదు. అమ్మీకి ఇంగ్లీషు రాదు. మరి తోడెట్లా?

2025లో రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ పరీక్షలూ దాదాపు మొత్తంగా రంజాన్ నెలలోనే పడ్డాయి. సహరీకి లేచిన అమ్మీ గిన్నెలు కడిగేసి పడుకోలేదు. ఫజర్ నమాజ్ తర్వాత పిల్ల ఆర్గానిక్ కెమిస్ట్రీ తిప్పుతుంటే పక్కనే కూర్చుంది. ఆ పుస్తకంలో ఒక్క ముక్క ఆమెకి తెలియదు. అయినా అక్కడ కూర్చోవడం ఆమెకి ఇబ్బందనిపించదు. అర్థం తెలియని పుస్తకం ముందు అదబ్‌తో కూర్చోవడం మా అమ్మీలకి కొత్త కాదు. అరబ్బీ ఒక్క మాట తెలియకుండా చిన్నప్పట్నుంచి ఖురాన్ తిలావత్ చేస్తూ వచ్చిన మనిషి ఆమె. అర్థం కానిదాన్ని వెక్కిరించకుండా, దానికి భయపడకుండా, దాని పక్కన మెలకువగా ఉండటం ఆమెకి తెలుసు. చదువుకున్న తల్లిదండ్రులకి ఈ విద్య తక్కువ. వాళ్లకి సిలబస్ తెలుసు గనక ప్రతి తప్పూ కనపడుతుంది. ప్రతి టెస్టు మార్కూ చేతికి తగులుతుంది.

ఆ నెలలోనే మాకు ఇంకో ప్రశ్న ఎదురైంది. పరీక్ష రోజు రోజా ఉండాలా, వద్దా? తొమ్మిది గంటలకి పరీక్ష, మార్చి ఎండ. ఒక ఇంట్లో 'ఈ ఒక్కరోజు వదిలెయ్ బేటా, తర్వాత ఖజా తీర్చుకుందువు' అన్నారు. ఇంకో ఇంట్లో 'రోజా ఉంటేనే అల్లా సాయం' అన్నారు. ఏది సరైందో చెప్పడానికి ఆలిమ్‌లు ఉన్నారు, మేం ఫత్వా ఇవ్వం. మాకు పట్టిన ప్రశ్న వేరు. తేల్చాల్సింది ఎవరు? రోజా ఫర్జ్ అయ్యేది బాలిగ్ అయినవాళ్లమీద. అంటే పదహారేళ్ల పిల్ల తన నమాజ్‌కీ, తన రోజాకీ తనే జవాబుదారు అని మా దీన్ ఎప్పుడో ఒప్పుకుంది. ఖియామత్ రోజు అమ్మీ లెక్క అమ్మీదే, పిల్ల లెక్క పిల్లదే. అల్లా ముందు ఒంటరిగా నిలబడి జవాబు చెప్పగలిగినంత పెద్దదైన పిల్ల, ఎంపీసీ వద్దు హిస్టరీ చదువుతానంటే మాత్రం చిన్నపిల్ల ఎట్లా అవుతుంది? ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే నోటితో ఎట్లా అంటాం?

అనిపించేది డబ్బు. అది దాచుకోవాల్సిన విషయం కాదు.

ఫీజు కట్టడానికి మా దగ్గర ఉన్న దారులు కొన్నే. చదువుకి బ్యాంకు అప్పు తీసుకుందామంటే సూద్ హరామ్ అన్న మాట అడ్డొస్తుంది. వడ్డీ లేకుండా బంగారం మీద అప్పిచ్చే బైతుల్ మాల్‌లు హైదరాబాదులో ఉన్నాయి గానీ, పల్లెల్లో ఉన్నవాళ్లకి అవెక్కడ దొరుకుతాయి? చివరికి బయట వడ్డీకే తెస్తారు, ఆ మాట ఇంట్లో అనరు. ఆడపిల్లయితే ఇంకో ముడి. జోడే కీ రఖమ్ కోసం పుట్టినప్పట్నుంచి దాచింది కదపాలి. 'ఇది తీసి చదువుకి పెడితే రేపు పెళ్లికేం పెడతావు? అంతకన్నా ఎక్కువ చదివినోణ్ణి ఎక్కడ తెస్తావు?' అని ఫుప్పూ అడుగుతుంది. మా మొగపిల్లలు చాలామంది పది దగ్గరే గల్ఫ్ వైపు చూస్తున్నప్పుడు ఆమె ప్రశ్న తీసిపారేసేది కాదు. కేంద్రం 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆపేసింది. చిన్న మొత్తమే, కానీ ఆ చిన్న మొత్తంతోనే ఒక పిల్ల తొమ్మిదో తరగతి దాకా నడిచిన ఇళ్లున్నాయి. మరోవైపు తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. ఒక్క ఏడాదిలోనే వాటి సంఖ్య 204కి చేరింది, అందులో దాదాపు సగం ఆడపిల్లలవి. మా తోడులో కొంత భాగం ప్రభుత్వం మోయడమంటే ఏమిటో అక్కడ మొదటిసారి చూశాం.

ఇంత కష్టపడి పెట్టిన డబ్బు ఊరికే ఉండదు. అది ఇంట్లో తిరుగుతుంది. అన్నం పెట్టేటప్పుడు, కరెంటు పోయినప్పుడు, పిల్లాడు ఫోన్ పట్టుకున్నప్పుడు మాటలోకి వస్తుంది. 'నీకోసం ఏమేం అమ్మామో తెలుసా?' తెలుసు. వాడికి తెలియనిది ఏదీ లేదు. తనకి బాకీ ఉందని తెలిసినవాడు లెక్కల పేపరు చేస్తున్నప్పుడు రెండు లెక్కలు ఒకేసారి చేస్తుంటాడు.

కర్జ్ అనే మాట ఇక్కడ్నుంచే పుడుతోంది. కానీ పిల్లల గురించి మా పెద్దలు వాడిన మాట కర్జ్ కాదు, అమానత్. ఔలాద్ అల్లా ఇచ్చిన అమానత్ అంటారు. పెళ్లి ఉపన్యాసాల్లో విని విని అరిగిపోయిన మాట. దాని అర్థం తెలియాలంటే ఊళ్లోకి రావాలి. హజ్‌కి పోయేవాళ్లు, దుబాయికి పోయేవాళ్లు ఇంట్లో ఉన్న నాలుగు నగలు నమ్మకస్తుడైన పొరుగాయన దగ్గర పెట్టి పోతారు. ఆయన వాటిని కాపాడాలి. తాకట్టు పెట్టకూడదు, చేబదులు ఇవ్వకూడదు. తన కూతురికి పెట్టి పెళ్లికి పంపకూడదు కూడా, ఒక్క పూటకైనా సరే. అడిగిన రోజు పెట్టినదాన్ని పెట్టినట్టు ఇచ్చెయ్యాలి.

పిల్లల ర్యాంకుని మేం పెళ్లికి పెట్టుకుపోవడం లేదా?

'గరీబోళ్లకి ఈ ఫల్సఫా ఎందుకు? రేపు కొడుకు సంపాదిస్తేనే నా మందులొస్తాయి' అని ఆటో నడిపే అబ్బా అంటే మేం ఏం చెప్పాలి? ఆయన మాట నిజం. పింఛనూ లేదు, పొలమూ లేదు. ఉన్నవాడికి లెక్క చూడకుండా ప్రేమించడం సులువు. అందుకే అమానత్ అంటే పిల్లల మీద ఆశ పెట్టుకోకూడదని మేం అనడం లేదు. 'నాకు నీ అవసరం ఉంటుంది బేటా' అనడం ఒకటి. 'నువ్వు నాకు బాకీ' అనడం ఇంకొకటి. మొదటి మాట విన్న పిల్లాడు తండ్రి పక్కన నిలబడతాడు. రెండో మాట విన్నవాడు తండ్రికి కనపడకుండా తిరుగుతాడు. అవసరాన్ని పైకి చెప్పుకోవడానికి మొగవాళ్లకి సిగ్గు. బాకీ అడగడానికి సిగ్గు లేదు, ఎందుకో.

కర్జ్ ఇంట్లోది. ఇంటి బయట ఇంకోటి కాచుకుని ఉంటుంది: సబూత్.

ప్రతి ఏడాదీ ఫలితాల రోజు పేపర్లో ఒక ఫొటో వస్తుంది. పంక్చర్ షాపు ముందు తండ్రి, పక్కన ర్యాంకు తెచ్చిన కొడుకు. లేదా నల్ల బురఖాలో తల్లి, స్వీటు తినిపిస్తున్న కూతురు. సెక్యులర్ మిత్రులు ఆ ఫొటో చూసి కళ్లు తుడుచుకుంటారు. మేమూ సంతోషిస్తాం, ఎందుకు సంతోషించం? కానీ ఆ సంతోషంలో ఒక ముల్లుంది. చదువుకోగలరని, దేశానికి పనికొస్తారని, మనుషులేనని రుజువు చెయ్యడానికి మాకు ప్రతి ఏడాదీ ఒక పిల్లాడు కావాలా? 58 శాతంతో పాసైన వాడి పక్కింటి పిల్లాడు ఎవరికి సబూత్? మామూలు మార్కులతో మామూలు కాలేజీలో చేరి మామూలు ఉద్యోగం చేసుకునే హక్కు మిగతావాళ్లందరికీ పుట్టుకతో ఉంది. మా పిల్లలకి మాత్రం మామూలుగా ఉండటం కౌమ్ పరువు తీసినట్టవుతోంది.

రిజర్వేషన్ దీన్ని ఇంకా బిగించింది. దూదేకులవాళ్లు ముందునుంచీ బీసీ-బిలో ఉన్నారు. 2007లో చట్టం చేసి మరికొన్ని వెనకబడిన ముస్లిం వర్గాలకి బీసీ-ఈ పేరుతో 4 శాతం ఇచ్చారు. 2010లో హైకోర్టు కొట్టేసింది. ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో మళ్లీ నిలబడింది. ఆ 4 శాతం వల్ల మా ఇళ్లల్లోంచి డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చారు. కానీ పదిహేడేళ్ల పిల్ల క్లాసులో కూర్చుంటే 'మాది కొట్టేసి వచ్చావు' అన్న చూపు కూడా పక్క బెంచీలో కూర్చుంటుంది. అప్పుడామె చదివేది పరీక్ష కోసం కాదు, ఆ చూపు కోసం.

పరీక్ష గేటు దగ్గర అడిగే సబూత్ వేరే. 2015లో మెడికల్ ప్రవేశపరీక్షకి తలగుడ్డతో రాకూడదన్న నిబంధన మీద కేరళ హైకోర్టు ఇద్దరు అమ్మాయిలకి అనుమతిచ్చింది. ఆ జూలైలోనే ఇంకో పిటిషన్‌ని సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. ఒక్కరోజు తీసేసినంత మాత్రాన విశ్వాసం పోదు కదా అన్నట్టుగా వ్యాఖ్యానించింది. తర్వాత నీట్‌లో సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవాళ్లు తనిఖీ కోసం ముందుగా రావాలన్న నియమం వచ్చింది. కాపీ కొట్టకుండా చూడటం న్యాయమే, దాన్ని మేం కాదనం. కానీ మూడు గంటల పరీక్షకి రెండేళ్లు తయారైన పిల్ల, తలనిండా ఫార్ములాలు పెట్టుకుని గేటు దగ్గరికొస్తే ముందు లౌకికవాదం మీద జవాబు రాయాల్సి వస్తోంది. ఆమె తీసేసి లోపలికి పోతే బయట మావాళ్లే 'తీసేసింది చూడు' అంటారు. లోపల ఒకరు, బయట ఒకరు. ఇద్దరికీ కావాల్సింది ఆ పిల్ల కాదు. ఆ స్కార్ఫ్ చేతిలో మడిచి పట్టుకుని ఎండలో నిలబడ్డ అమ్మీ మాత్రం ఎవర్నీ ఏమీ అడగదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులొచ్చాయి. ఆ రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందులో ఏ పిల్ల మనసులో ఏముందో చెప్పే హక్కు ఎవరికీ లేదు, మేమూ చెప్పం. కానీ ఆ వారం ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లో గొంతులు తగ్గాయి. మతం లేదు, కులం లేదు, అందరిళ్లల్లోనూ. మార్కులడగడం మానేసి 'తిన్నావా' అని అడిగారు. ఆ గొంతుతోనే ఏడాదంతా మాట్లాడొచ్చునని అప్పుడు తెలిసింది. మే నెల వచ్చేసరికి మళ్లీ పెరిగాయి.

ఇప్పుడు కౌన్సెలింగ్ అంతా ఆన్‌లైన్. నెట్ సెంటర్లో కూర్చుని పిల్ల వెబ్ ఆప్షన్లు పెడుతుంది. ఓటీపీ మాత్రం అబ్బా ఫోన్‌కి పోతుంది. ఆయన షెడ్డులో బండి కింద పడుకుని ఉంటాడు. ఫోన్ మోగితే చెయ్యి గుడ్డకి తుడుచుకుని, ఒక్కో అంకే కూడబలుక్కుని చదువుతాడు. ఆ అంకెలు చెప్పకముందు 'ఏ కాలేజీ పెట్టావు?' అని అడిగే వీలు ఆయనకుంది. చెప్పకుండా ఆపే వీలూ ఉంది. అడగొచ్చు, తప్పేం లేదు, తండ్రి కదా. ముందు అంకెలు చెప్పేసి, తర్వాత అడగొచ్చు.