గూటిపక్షి – గృహస్థధర్మము

శ్రీమన్నారాయణుడు సర్వరక్షకుడు. ఈ మాట నెరుగని వైష్ణవ గృహము లేదు. అయితే రక్షించువాడు భగవంతుడే యైనప్పుడు మానవుడు చేయవలసినది ఏమున్నది? ఈ సందేహమునకు మార్కండేయ పురాణమందలి పక్షుల కథ చక్కని సమాధానము. కాకతీయుల కాలమున మారన ఈ పురాణమును తెనిగించినాడు.

కురుక్షేత్రమున అర్జున భగదత్తుల పోరు సాగుచుండగా, తార్క్షి యను పక్షి గర్భముతో ఆ మీదుగా ఎగిరినది. అర్జునుని బాణము తగిలి దాని ఉదరము చీలెను. నాలుగు గ్రుడ్లు నేలపై బడెను. అదే సమయమున భగదత్తుని ఏనుగైన సుప్రతీకము యొక్క గంట త్రాడు తెగి, ఆ గ్రుడ్లపై బోర్లపడి కప్పినది. సేనలు త్రొక్కుచున్న నేలపై అవి చెక్కుచెదరక నిలిచినవి. యుద్ధము ముగిసిన పిమ్మట శమీక మహర్షి శిష్యులతో అటు వచ్చి, గంటలోపలి కిచకిచలు విని, దాని నెత్తి, తల్లిలేని కూనలను చూచెను. దైవమే వీనిని కాపాడినదని గ్రహించెను. అయినను అంతటితో విడిచి పోలేదు. దైవము కాచినను మనుష్యుడు తన ప్రయత్నమును మానరాదని బోధించి, పిల్లి, ఎలుక, డేగ, ముంగిసల భయము లేని చోట వానిని ఉంచుడని శిష్యులను ఆజ్ఞాపించెను. గంటను కప్పినది దైవము. ఎత్తినది మనిషి చేయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు వానకై ఎదురుచూచు మెట్టసీమలు. చెరువు నిండిన ఏడు మనుష్యులకే గాక నీటిపక్షులకును పండుగ. ముక్కు కొనన పసుపు మచ్చ గల అడవిబాతు నీటి చెంత గడ్డిలో నేలమీదనే గూడు చేసికొనును. ఊళ్లు పెరిగి ఇండ్లు చెరువుల దాపునకు వచ్చినచోట, ఆ గడ్డి ఒకరి పెరడు గాని, ఇల్లు కట్టుకొనుటకై కొన్న స్థలము గాని కావచ్చును. అట్టి గృహస్థుడు శమీకుని స్థానమున నిలిచినట్లే.

ఇక్కడ వివేకము అవసరము. శమీకుడు కూనలను ఆశ్రమమునకు చేర్చినది వానికి తల్లి లేనందున. తల్లి బ్రతికియున్న గూటిని కదలించుట రక్షణ కాదు. బాతు దినమున కొక గ్రుడ్డు చొప్పున పెట్టి, అన్నియు పెట్టిన పిమ్మటనే పొదుగ మొదలిడును. మేతకై నడుమనడుమ లేచిపోయి మరల వచ్చును. కావున తల్లి కనబడనంత మాత్రమున గూడు విడిచినదని తలపరాదు. పొదుగుకాలము సుమారు 24 దినములు. ఆ దినములలో కుక్కను కట్టివేయుట, పిల్లలను దూరముగా నుంచుట, గడ్డి కోయింపకుండుట, ఇంతియే సేవ. కూనలు వెలువడిన ఒకటి రెండు దినములలో తల్లి వానిని నీటికి నడిపించుకొని పోవును. రోడ్డు అడ్డమైనచో బండ్లను నిలిపి దారి ఇచ్చిన చాలును.

శంకుస్థాపన ముహూర్తము తప్పునే, మేస్త్రీకి ఇచ్చిన బయానా ఏమగునో యని ఆ గృహస్థునకు బెంగ కలుగుట సహజము. కాని ముహూర్తము మరియొకటి దొరకును. చల్లబడిన గ్రుడ్డునకు ప్రాణము మరల రాదు. గూడు చెరిపి పోసిన పునాదిపై నిలిచిన ఇంట ఏ వాస్తుపూజ శాంతి నొసగును? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సైతము అడవిపక్షుల గ్రుడ్లను, గూళ్లను పాడుచేయుటను వేటగానే ఎంచుచున్నది.

ఇది అసాధ్యమైన ధర్మము కాదు. మదనపల్లె చెంతనున్న రిషివ్యాలీ 1991లో పక్షి సంరక్షణ స్థలముగా ప్రకటింపబడినది. హిందూపురము వైపునున్న వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్లపై గూళ్లు కట్టగా, పల్లెవాసులు వాని రాకను శుభముగా నెంచి, పురుటికి వచ్చిన ఆడపడుచులవలె ఆదరించిరి.

చేతనాచేతన ప్రపంచమంతయు భగవంతునకు శరీరమని రామానుజుల సిద్ధాంతము. ఆ శరీరమున గడ్డిలోని గూడును చేరినదే. శమీకుడు పెంచిన ఆ నాలుగు కూనలే పిదప వింధ్యపర్వతమున జైమిని మహర్షి సందేహములను తీర్చినవి. నిర్గుణుడైన వాసుదేవుడు మనుష్యరూపమును ఏల దాల్చెనన్నది వానిలో ఒకటి. గంట క్రింద బ్రతికిన పక్షుల నోటనే అవతారతత్త్వము వెలువడినది. కూనలను ఎత్తుకొన్ననాడు శమీకుడు ఈ ఫలమును కోరలేదు. ఫలము కోరక ప్రాణిని కాచుటయే గృహస్థునకు సులభమైన కైంకర్యము.