వాయువు దోషియా?

భూమధ్యరేఖకు రెండు డిగ్రీలైనను దూరము లేని సింగపూరులో, ఆ నగరపు పడమటి భాగమైన క్లెమెంటిలో, వసంతము వేరుగా వచ్చి పోవుట యుండదు. ఏడాది పొడుగునా వేడి, ఉక్క, 2,000 మిల్లీమీటర్లకు మించిన వాన. చలిదేశములలో బర్చి చెట్లు కొద్ది వారములలోనే పుప్పొడి నంతటిని గాలికి వదలి జనులను తుమ్ములపాలు చేయునట్టి ఋతువు ఇచ్చట లేదు. అంతమాత్రముచేత గాలి నిర్మలమనుకొనరాదు. ఆ గాలిని సూక్ష్మదర్శినితో పరీక్షించిన శాస్త్రజ్ఞులకు, వారిలోను క్లెమెంటి రోడ్డు అంచుననే యున్న జాతీయ విశ్వవిద్యాలయమువారికి, మన ఏలూరు ప్రాంతపు రైతులును పండించు ఆయిల్ పామ్ జాతి చెట్ల పుప్పొడియు, ఫెర్న్ మొక్కల బీజరేణువులును, శిలీంధ్రబీజములును అందు కనబడినవి. ఆ పుప్పొడి కొందరికి అలర్జీ కలిగించునని కూడ తేలినది.

ఈ రేణువుల రాకపోకలు వాతావరణము చేతిలోనివి. పొడియెండ కాచినప్పుడు పరాగకోశములు ఎండి పగులును. గాలి విసరిన కొలది రేణువులు దూరము సాగును. తేమ హెచ్చినచో బరువెక్కి చెట్టు క్రిందనే రాలును. జడివాన గాలిని కడిగివేయును. ఇంతవరకు వాన మనకు మిత్రమే. కాని ఉరుములతో వచ్చు గాలివాన తొలి ఘడియలలో రేణువు నీటిని పీల్చి, ఉబ్బి, పగిలి, తనలోని అతిసూక్ష్మకణములను వెలువరింపగా, ముక్కులోనే ఆగవలసినది ఊపిరితిత్తుల లోతులకు చొచ్చును. 2016 నవంబరు 21న మెల్బోర్నులో గడ్డి పుప్పొడి ఇట్లే వేలాదిమందిని ఆసుపత్రులకు తరిమి, పదిమంది ప్రాణములు తీసినది. బర్చి మొదలగు చెట్ల పుప్పొడియు తడిసినప్పుడు ఇట్లే పగులగలదు.

తైత్తిరీయోపనిషత్తు తన యారంభముననే వాయువును కన్నులయెదుట నున్న బ్రహ్మముగా భావించి నమస్కరించినది. ఆ బ్రహ్మమే యైనచో, ఉబ్బసపు బిడ్డ గొంతును అది ఏల బిగించుచున్నది? పూర్వకర్మ యని చెప్పి తప్పించుకొనువారు కలరు. ఊపిరాడక ఒరుగు పసివానికి కర్మసిద్ధాంతము వినిపించుట కాఠిన్యమే గాని ఆస్తిక్యము కాదని నా దృఢవిశ్వాసము.

నిజము విచారించినచో, చెట్టు తన వంశము నిలుపుకొనుటకై రేణువును వదలుచున్నది. వాయువు ఎవరినీ ఎన్నుకొనక దానిని మోయుచున్నది. రేణువులో విషము లేదు. దానిని శత్రువని భ్రమించి పోరాటము సాగించునది మన దేహమే. ఆ పోరాటమునకు సాధనమైన ఐజీఈ అను ప్రతిరక్షకమును జపాను దేశీయులైన ఇషిజాకా దంపతులు 1966 ప్రాంతమున కనుగొనిరి. త్రాటిని చూచి పామనుకొనుట వేదాంతులు చెప్పు భ్రాంతి. ఇచ్చట ఆ భ్రాంతి రక్తములోనే నెలకొన్నది. అయితే వేదాంతి దీపము తెచ్చినంతనే పాము మాయమగును గదా! పుప్పొడి నిరపాయమని వైద్యుడు ఎంత విశదపరచినను తుమ్ము ఆగదు. బుద్ధి యెరిగినది దేహ మెరుగలేదు. అద్వైతుల దృష్టాంతము ఇచ్చట చాలక, యోగశాస్త్రము చెప్పు అభ్యాసము అవసరమగుచున్నది. 1911లో లండనులో లెనార్డ్ నూన్ అను వైద్యుడు గడ్డి పుప్పొడి సారమును రోగులకు లేశలేశముగా, మోతాదు పెంచుచు ఎక్కించెను. నేటికిని ఆ చికిత్స వైద్యుని పర్యవేక్షణలో ఏండ్ల తరబడి సాగును, అందరికిని ఫలింపదు. దేహమునకు జ్ఞానము అలవడుట అంత మెల్లగా జరుగును.

కావున నమస్కారమును ఉపసంహరించుకొనవలసిన పని లేదు. ఏప్రిలు, అక్టోబరు నెలల ప్రాంతమున, ఋతుపవనముల నడిమి కాలములో, క్లెమెంటిపై మధ్యాహ్నపు ఉరుములు క్రమ్ముకొనునప్పుడు ఉబ్బసమున్న ఇంటివారు కిటికీ మూసి, ఇన్హేలరును చేరువ నుంచుకొనుట వాయుదేవునియెడ అపచారము కాదు. అయితే సింగపూరులో పుప్పొడికన్న పెద్ద అలర్జీకారకములు పరుపుల ధూళిలో పెరుగు సూక్ష్మకీటకములు. మూసిన గదిలోని తేమ వానికి మేలు చేయును గనుక, వాన వెలిసిన పిదప ఆ కిటికీ తెరచి, గదిలోనికి ఆ గాలినే మరల రానీయవలసియుండును.