వారసత్వమూ ఋణమూ: పారిశ్రామిక స్థలాల పరిరక్షణలో ఒక నైతిక ప్రశ్న

మూతపడిన గనులను, మిల్లులను, కర్మాగారాలను చారిత్రక సంపదగా పరిరక్షించి పర్యాటక కేంద్రాలుగా తీర్చిదిద్దడం నేడు అనేక దేశాలలో స్థిరపడిన విధానం. దీనిపై చర్చ సాధారణంగా వ్యయం, ఆదాయం, నిర్మాణశైలి అనే అంశాలకే పరిమితమవుతోంది. ప్రాచీన దుర్గానికీ కర్మాగారానికీ గల భేదం అందులో మరుగున పడుతోంది. దుర్గానికి రాళ్లెత్తినవారు కాలగర్భంలో కలిసిపోయారు. కర్మాగారంలో శ్రమించినవారో, వారి సంతానమో తరచుగా దాని గోడ పక్కనే నివసిస్తుంటారు. ఆ శ్రమను ప్రదర్శనకు పెట్టే హక్కు ఎవరిది, ఏ నియమానికి లోబడి అన్నది ఇక్కడ విచార్యం.

ఈ విచారణకు ‘వారసత్వం’ అనే మాటే దారి చూపుతుంది. నేటి వాడుకలో దానికి సంపద అన్న అర్థమే ప్రధానమైంది. మన వ్యవహారశాస్త్రం దాని రెండో పార్శ్వాన్ని కూడా గుర్తించింది. మృతుని ఆస్తిని స్వీకరించినవాడు అతని ఋణాన్నీ తీర్చాలని యాజ్ఞవల్క్యస్మృతి విధిస్తుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య మితాక్షర. దానిని పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. వ్యక్తుల ఆస్తికి ఉద్దేశించిన ఈ సూత్రాన్ని సమష్టి వారసత్వానికి అన్వయించవచ్చు. కర్మాగారాన్ని జాతి సంపదగా స్వీకరించే ప్రభుత్వమూ, దానిని చూపి ఆదాయం గడించే సంస్థా అక్కడి శ్రమకు చెల్లవలసిన ఋణాన్ని కూడా స్వీకరించినట్లే. ఆ ఋణంలో మొదటి వాయిదా సత్యకథనం.

జపాన్‌లోని హషిమా ద్వీపం ఇందుకు ఉదాహరణ. నాగసాకి తీరాన ఉన్న ఈ బొగ్గుగని 1974లో మూతపడింది. 2009 నుంచి పర్యాటకులను అనుమతిస్తున్నారు. 2015లో మేజీ పారిశ్రామిక విప్లవ స్థలాలలో ఒకటిగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గుర్తింపు 1850ల నుంచి 1910 వరకు గల కాలానికి సంబంధించినది. కొరియన్లను, ఇతరులను వారి ఇష్టానికి విరుద్ధంగా తెచ్చి కఠిన పరిస్థితులలో పనిచేయించినది 1940లలో. ఆ సంగతిని సందర్శకులకు తెలియజేస్తామని జపాన్ ఆనాడే హామీ ఇచ్చింది. అమలు చాలలేదని 2021లో ప్రపంచ వారసత్వ కమిటీ తీవ్ర విచారం వ్యక్తం చేసింది. ఆస్తిని ఉంచుకొని, ఋణానికి కాలదోషం పట్టిందనడం వంటిదే ఈ కాలవిభజన.

ఇంత కఠిన నియమం విధిస్తే ఏ స్థలమూ మిగలదన్న ఆక్షేపణ ఉంది. పర్యాటకులు వినోదం కోరి వస్తారు; వారి రుసుముతోనే పైకప్పు నిలుస్తుంది. ఇందులో బలం లేకపోలేదు. 1934లో వరంగల్‌లో స్థాపితమైన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. దాని కట్టడాలలో అధికభాగం నేడు లేదు. స్థలమే మిగలనప్పుడు స్మృతికి ఆశ్రయం కరువవుతుంది. అయితే సత్యకథనం సందర్శకులను దూరం చేస్తుందన్న ఊహకు వేల్స్‌లోని బిగ్ పిట్ గని సమాధానం. 1980లో మూతపడి, 1983లో సందర్శకులకు తెరచుకున్న ఈ గనిలో, సుమారు 90 మీటర్ల లోతుకు వారిని తీసుకువెళ్లి వివరించే బాధ్యత పూర్వపు గనికార్మికులకే అప్పగించారు. అక్కడ కార్మికుడు ప్రదర్శనవస్తువు కాలేదు, వ్యాఖ్యాత అయ్యాడు. జీతమూ, మాటా రెండూ అతనికే దక్కాయి.

కార్మికుల తరం గతించిన తరువాత ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. తెలుగు పరిశోధనకు పని ఉన్నది ఇక్కడే. 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడంతో మొదలైన సింగరేణి చరిత్రలో పాత భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సేద్యం నుంచి వచ్చిన కార్మికుడు గనిని ‘బొగ్గుబాయి’ అన్నాడు. తన ఊరి బావి పేరుతోనే ఆ కొత్త లోతును అర్థం చేసుకున్నాడు. బొగ్గును చేతులతో ఎత్తి నింపిన కాలం ‘తట్టా చెమ్మస్’ అన్న మాటలో నిలిచింది. రేపు అక్కడ నిలిపే సూచనఫలకంపై ‘భూగర్భ గని’ అని మాత్రమే ఉంటే, యంత్రం మిగులుతుంది, దానితో బతికినవారి దృష్టి పోతుంది. ఈ పదజాలాన్ని, పాటలను, ప్రమాదాల జ్ఞాపకాలను వారి నోటనే నమోదు చేయడం కట్టడానికి సున్నం వేయడమంత అవసరం.

గనిలో పోయిన ప్రాణానికి ఏ ప్రదర్శనశాలా బదులు చెల్లించలేదు. కొంత ఋణం తీరనిదే. తీరనంత మాత్రాన లేదనడానికి వీలులేదు. కనుక పారిశ్రామిక పర్యాటకానికి ధర్మబద్ధమైన ప్రమాణం ఒకటే: అక్కడ శ్రమించినవారు సందర్శకులలో ఒకరై వచ్చి నిలబడి విన్నప్పుడు, చెబుతున్నది తమ కథేనని గుర్తించగలగాలి.