కోయని పువ్వు ఎవరిది?

తిరుమల కొండ మీద తలలో పూలు పెట్టుకోరు. అక్కడ పూచే ప్రతి పువ్వూ శ్రీనివాసుడిదేనన్నది ఆచారం. ఆ క్షేత్రానికి పుష్పమండపమనే పేరు కూడా ఉంది. స్వామికి అలంకరించి తీసిన పూలను మిగతా గుళ్లలోలా భక్తులకు పంచకుండా పూలబావిలో వేసేవారు. (2021 నుంచి దేవస్థానం వాడిన పూలతో అగరుబత్తులు చేయిస్తోంది.) ఈ ఆచారాన్ని గుడి ప్రాకారం దాటించి శేషాచలం అడవిలోకి తీసుకెళ్తే ఒక ప్రశ్న తప్పదు. ఎవరూ కోయని, ఏ బుట్టలోకీ చేరని అడవిపువ్వు స్వామిదేనా? స్వామిదే అయితే, దాన్ని తెంపి మళ్లీ ఆయనకే ఇవ్వడంలో అర్థమేమిటి? ఇలాంటి పువ్వు విషయంలో కోయకపోవడమే అర్పణ అని నా వాదన.

విష్ణుక్రాంతనే చూడండి. శేషాచలం ఆకురాల్చే అడవి. చెట్లు పలచబడి ఎండ నేలకు దిగే గరుసు నేలల్లో వానల తర్వాత ఇది కనిపిస్తుంది. మొదలు కట్టెబారి ఉంటుంది. దాని నుంచి సన్నని కాడలు నలువైపులా నేలబారున పాకుతాయి. కాడలకూ చిన్న ఆకులకూ పట్టులాంటి నూగు. చిలగడదుంప కుటుంబంలోదే అయినా ఇది దేన్నీ చుట్టుకుని ఎక్కదు. పువ్వు చిటికెనవేలి గోరంత. లేత నీలం, నడుమ తెలుపు, అయిదు కేసరాలు. రెండు కీలాలుంటాయి, ఒక్కొక్కటీ మళ్లీ రెండుగా చీలుతుంది. పొద్దున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఈగో తేనెటీగో వచ్చి వాలితే ఆ కాసేపట్లోనే వాలాలి. తర్వాత గుండ్రటి చిన్న కాయ, అందులో మహా అయితే నాలుగు గింజలు. ఇంత తక్కువ వ్యవధిలో ఇంత పని ఉన్న పువ్వును తెంపితే పోయేది అందం ఒక్కటే కాదు, ఆ నాలుగు గింజలు కూడా.

పురుగుల కోసం పూసే పువ్వుకు దేవుడితో పనేమిటని హేతువాది అడగవచ్చు. రామానుజుల దర్శనంలో దీనికి జవాబుంది. జడమూ చేతనమూ అన్నీ భగవంతుడి శరీరమే, ఆయన కోసం ఉన్నవే అంటుంది విశిష్టాద్వైతం. ఆ లెక్కన పువ్వూ, దాని మీద వాలిన ఈగా, రాలిన గింజా ముందే ఆయన సేవలో ఉన్నాయి. మనిషి చేయి పడితేనే పువ్వు దేవుడిదవుతుందనడం మన చేతికి లేని గొప్పను అంటగట్టడమే.

ఆస్తికుడి అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఆకైనా పువ్వైనా భక్తితో ఇస్తే స్వీకరిస్తానని గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడే అన్నాడు కదా, రామానుజులు తిరుమలకు పుష్పకైంకర్యం ఏర్పాటు చేయించారు కదా అంటారు. నిజమే. అడవిలో పూలు కోయకూడదని రామానుజులు చెప్పారని నేననడం లేదు. కానీ ఆ కైంకర్యం ఎలా జరిగిందో చూడాలి. ఆయన ఆజ్ఞతో కొండకు వచ్చిన అనంతాళ్వారు తోట వేశారు, తోటకు నీళ్ల కోసం చెరువు తవ్వారు. నిండుగర్భిణి అయిన భార్య మట్టి మోసిందనీ, సాయం చేయవచ్చిన బాలుడి గడ్డానికి గునపం తగిలిందనీ, ఆ బాలుడు స్వామేననీ కథ. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. ఆ పూలలో కలిసింది మనిషి చెమట, ఇచ్చింది అదే. అడవిపువ్వులో మన చెమట చుక్క కూడా లేదు. అక్కడ మనం ఇవ్వగలిగింది చేయి చాచకుండా ఉండే నిగ్రహం మాత్రమే. బద్ధకంతో కోయనివాడికీ ఆ ఫలం దక్కుతుందా అంటే, దక్కదు. కోయాలనిపించీ ఆగినవాడిదే అర్పణ. తలలో పూలు పెట్టుకోకుండా కొండెక్కే ఆడవాళ్లు చేస్తున్నది సరిగ్గా ఇదే.

ఇది అరుదైన మొక్కేమీ కాదు కదా అనేవారూ ఉంటారు. ఒప్పుకుంటాను. ఆసియా, ఆఫ్రికా, అమెరికా, ఆస్ట్రేలియాలన్నింటా ఉంది. సొంతదారు ఎవరన్న ప్రశ్నకు సంఖ్యతో సంబంధం లేదు.

అసలు చిక్కు వినాయక చవితి నాడు వస్తుంది. ఇరవై ఒక్క పత్రిలో విష్ణుక్రాంత ఒకటి. కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు మొదలయ్యే ఆ భాద్రపదంలోనే ఇది పూతమీద, కాయమీద ఉంటుంది. కాడ గిల్లితే మొదలు మళ్లీ చిగురించవచ్చు. పత్రి కోసం వేరుతో పెరికితే ఇక ఏమీ మిగలదు. అయితే పూజావిధానంలోనే దీనికి దారి ఉంది: లేని ద్రవ్యానికి బదులు అక్షతలు వేయమంటారు పురోహితులు. విష్ణుక్రాంత పేరు చదివినప్పుడు నాలుగు అక్షతలు వేయండి. మొక్కే కావాలనుకుంటే గింజలు తెచ్చి ఎండ తగిలే కుండీలో పెంచి, పై ఏడు అందులోంచి గిల్లండి.